ఆకలి మీదున్నప్పుడే పనస

వేసవి ముదిరాక ఆదోని బజారులోకి పనసపండ్ల బండి వచ్చిందంటే ఆ కబురు కళ్లకంటే ముందు ముక్కుకు అందుతుంది. ఆ వాసనకే నోరూరి ఆగేవాళ్లున్నారు. అదే వాసనకు కొంగు అడ్డం పెట్టుకుని గబగబా దాటిపోయేవాళ్లూ ఉన్నారు. ఎమ్మిగనూరులోనూ ఇదే తీరు. మామిడి దగ్గర ఏ రకం తియ్యన, ఏది పుల్లన అన్నదే తగువు. పనస దగ్గర అసలు ఆ పండు ఇంట్లోకి రావాలా వద్దా అన్నదే తగువు.

దీనికి మొదటి కారణం నేల. ఈ రెండు ఊళ్లూ ఉన్న పడమటి కర్నూలులో ఏడాదికి కురిసే వాన సుమారు 600 మిల్లీమీటర్లు. పత్తి, వేరుశెనగ, ఉల్లి పండే చేలివి. పనస పుట్టిల్లు పడమటి కనుమలు. దానికి తేమ కావాలి, దండిగా వాన కావాలి. శ్రీకాకుళం ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి సరసన పెరిగే చెట్టది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు అక్కడి రైతులు కొబ్బరితోపాటు కూలిన పనస చెట్లనూ చూసి కుమిలిపోయారు. ఆదోనివాళ్లకు ఆ చెట్టుతో అంతటి చుట్టరికం లేదు. ఇక్కడికి పండు దూరం నుంచి బండి ఎక్కి రావలసిందే. పనస కోసిన తర్వాత కూడా మాగుతుంది, మాగేకొద్దీ వాసన పెరుగుతుంది. అందుకే ఇక్కడి చాలామందికి పనసతో తొలి పరిచయం దాని ఘాటైన దశలోనే జరుగుతుంది. చెట్టు కింద కోసుకుని తిన్నవాళ్లకూ వీళ్లకూ మాట కలవకపోవడంలో వింత లేదు.

వాసన సంగతి కాస్త వివరంగా చూడాలి, ఎందుకంటే పనసకు ఉన్నది ఒక్క వాసన కాదు. మాగిన పండును కోయకముందు పైనుంచి వచ్చే వాసన కుళ్లిన ఉల్లిని గుర్తుకు తెస్తుందని వృక్షశాస్త్రవేత్తలే రాశారు. ఉల్లి బస్తాల మధ్య బతికే కర్నూలు రైతుకు ఈ పోలిక వివరించి చెప్పనక్కర్లేదు. కోసిన తర్వాత తొనల నుంచి వచ్చేది మాత్రం వేరు. అది అనాస, అరటి కలిసిన తియ్యటి వాసన. ఎస్టర్లనే రసాయనాలు అందుకు కారణం. పైగా మనిషి వాసనను రెండు దారుల్లో పట్టుకుంటాడు. ఒకటి బయటి గాలిని ముక్కుతో పీల్చడం. రెండోది, నములుతున్నప్పుడు నోటి వెనుక నుంచి ఆ ఆవిరి ముక్కుకు ఎక్కడం. మొదటి దారిలో చెడ్డగా తోచినది రెండో దారిలో తీపితో కలిసి రుచిగా మారిపోవచ్చు. బండి పక్కగా నడిచి పోతూ పనసను తీసిపారేసేవాళ్లు దాని తొక్కను మాత్రమే ఎరుగుదురు.

ఈ పండును తిట్టినవాళ్లలో చక్రవర్తులూ ఉన్నారు. మధ్య ఆసియా ఖర్బూజాల మీద మనసు పెట్టుకుని హిందూస్థానానికి వచ్చిన బాబరు తన ఆత్మకథలో పనసను రూపంలోనూ రుచిలోనూ చెడ్డదన్నాడు. గొర్రె పేగులను తిరగేసినట్టుందని, వెగటు పుట్టేంత తీపని రాశాడు. జిగురు అంటకుండా కొందరు చేతులకూ నోటికీ నూనె రాసుకుంటారట అని కూడా చెప్పాడు. అయిదు వందల ఏళ్లు గడిచినా ఆ నూనె చిట్కా మారలేదు, ఆ ఫిర్యాదూ మారలేదు.

వాసన మీద పేచీలో పనసను మించినది డ్యూరియన్. ముళ్ల తొక్కతో చూడడానికి పనసలాగే ఉన్నా ఇది వేరే కుటుంబపు పండు, దీని ఘాటు గంధకం కలిసిన రసాయనాల వల్ల వచ్చేది. సింగపూరు మెట్రో రైళ్లలో దాన్ని వెంట తీసుకుపోనివ్వరు. ఆగ్నేయాసియాలో చాలా హోటళ్లు గదుల్లోకి రానివ్వవు. అయినా ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ అనే ఇంగ్లండు ప్రకృతి శాస్త్రవేత్త 1869 నాటి తన పుస్తకంలో ఆ పండును ఆకాశానికెత్తాడు. మన దక్షిణాదిలోనూ నీలగిరుల్లోని బర్లియార్, ఆ కొండల దిగువన కల్లార్ ప్రభుత్వ తోటల్లో డ్యూరియన్ చెట్లున్నాయి. ఆదోని బజారులో మాత్రం ఈ పేచీ పడేది పనస ఒక్కటే.

ఈ పేచీ తీర్చడానికి ఆదోనికి ఒక బలం ఉంది, పొరుగున ఉన్న కన్నడ సీమ. 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే వరకు ఆదోని బళ్లారి జిల్లాలోనే ఉండేది. ఇవాళ్టికీ ఇక్కడ ఎన్నో ఇళ్లలో రెండు భాషలూ నడుస్తాయి. కన్నడంలో ఒక సామెత ఉంది: “హసిదు హలసు, ఉండు మావు”. ఆకలితో ఉన్నప్పుడు పనస తిను, భోంచేశాక మామిడి తిను అని. ఈ పండు మీద పుట్టిన మాటల్లో ఇంత పనికొచ్చేది మరొకటి కనబడదు. వంద గ్రాముల మాగిన పనసలో సుమారు 23 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, పీచు కూడా ఉంటుంది. కడుపు నిండా భోంచేసి దాని మీద పది తొనలు వేస్తే ఉబ్బరం రాక మానదు. పనస పడదని తీర్మానించుకున్నవాళ్లు తిన్న పండుతోపాటు తిన్న వేళను కూడా ఒకసారి తలచుకోవాలి.

వేడి చేస్తుందని, గర్భిణులు ముట్టరాదని చెప్పే పెద్దవాళ్లు ప్రతి వీధిలో ఉంటారు. అతిగా తింటే ఇబ్బందే, ఆ మాట నిజం. కొద్దిగా తింటే గర్భానికి ముప్పని మాత్రం వైద్యశాస్త్రం చెప్పలేదు. అతిగా మాగిన పనస గురించి అయితే 2025 జులైలో కేరళలో జరిగిన సంగతి ఉంది. పందళం డిపోలో ఆర్టీసీ డ్రైవర్లు కొందరు తాగకుండానే శ్వాస పరీక్షలో దొరికిపోయారు. ఆరా తీస్తే డ్యూటీకి ముందు తిన్న పనస తొనలే కారణమని తేలింది. తీపి ఎక్కువున్న పండు పులిస్తే కొద్దిగా ఆల్కహాలు పుడుతుంది, యంత్రం దాన్నే పట్టుకుంది.

వాసన అసలు సహించనివాళ్లకు పచ్చికాయ ఉంది. లేత పనసకాయకు ఆ ఘాటు ఉండదు. గోదావరి జిల్లాల పెళ్లిళ్లలో ఆవపెట్టిన పనసపొట్టు కూర లేకపోతే వడ్డన వెలితే. తద్దినాల సంప్రదాయంలో పనసకు 600 కూరల విలువ కట్టారు. అక్కడ కాకర 100, నల్లేరు 300. కూరగాయగా దానికి ఇంత మర్యాద దక్కిందంటే కారణం రుచే. ఆరోగ్యం మాట కూడా ఈమధ్య తోడైంది. శ్రీకాకుళం ప్రభుత్వ వైద్య కళాశాలలో 40 మంది మధుమేహ రోగుల మీద 12 వారాలు ఒక పరీక్ష జరిగింది. అన్నం, గోధుమల్లో కొంత తగ్గించి రోజుకు 30 గ్రాముల పచ్చి పనస పిండి ఇచ్చిన వాళ్లలో రక్తంలో చక్కెర, మామూలు పిండి తీసుకున్నవాళ్లకంటే బాగా అదుపులోకి వచ్చింది. ఫలితాలు 2021లో అచ్చయ్యాయి. పరీక్ష చిన్నదే, మందులు మానేయడానికి అది సాకు కాదు. మాగిన పండుకు ఆ గుణం వర్తించదు కూడా.

ఇన్నాళ్లూ ముక్కు మూసుకున్న ఎమ్మిగనూరు, ఆదోని ఇళ్లవాళ్లు ఈ వేసవిలో ఒక్కసారి ప్రయత్నించి చూడాలి. మొత్తం పండు కొననక్కర్లేదు. ఎప్పుడో కోసి కవరులో కట్టిపెట్టిన తొనలు వద్దు, కళ్లముందు కోయించుకోండి. మెత్తగా జారేవి కాకుండా నమిలితే కరకరలాడే గట్టి తొనలు అడగండి. మధ్యాహ్న భోజనానికి గంట ముందు నాలుగు తొనలు చాలు. గింజలు పారేయకుండా ఉడకబెట్టి కూరలో వేసుకోండి. పనసలో పొటాషియం ఎక్కువ, కాబట్టి మూత్రపిండాల జబ్బున్నవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా తినవద్దు.