ఎర్రబడిన కాలును ఎవరు చూడాలి?

గౌలిపురాలోని మా సంఘపు తల్లి ఒకరు కాళ్లు వాచి ఆసుపత్రిలో చేరారని తెలిసి ప్రార్థించుటకు వెళ్లాము. రెండు కాళ్లూ మోకాళ్ల క్రింద ఎర్రగా కమిలి ఉన్నాయి. చర్మము లోపల క్రిములు చేరాయని, దానిని సెల్యులైటిస్ అంటారని చెప్పి ఎనిమిది రోజులుగా సూదిమందు ఇస్తున్నారు. జ్వరము లేదు, వాపూ తగ్గలేదు. "ఓర్చుకోండమ్మా" అని ప్రార్థన చేసి వచ్చేశాము. చర్మవైద్యులకు చూపించారా అని అడగాలని మాకు తోచలేదు. ఆమె కుమార్తె అడిగింది.

మరునాడు చర్మవైద్యురాలు వచ్చి కాలివ్రేళ్ల సందులు కూడా విప్పి చూశారు. ఎన్నాళ్లనుండి ఉందమ్మా అంటే, రెండేళ్లుగా వస్తూ పోతూ ఉందన్నారట. క్రిముల వలన కాదు, సిరలలో రక్తము సరిగా పైకి పోక చర్మము చెడిందని చెప్పి సూదులు ఆపించారు. పూతమందు, కాళ్లకు కట్టు, పడుకొన్నపుడు కాళ్ల క్రింద దిండు. అంతే.

ఇది ఒక్క చోటి సంగతి కాదు. ఇంగ్లండులోని నార్విచ్‌లో సెల్యులైటిస్ అని పంపిన 635 మందిని చర్మవైద్యులు పరీక్షించగా, దాదాపు మూడవ వంతు మందికి వేరే జబ్బులని తేలినట్లు 2011లో ప్రకటించారు. సెల్యులైటిస్ సాధారణముగా ఒక్క కాలికే వస్తుంది. రెండూ ఒకేసారి ఎర్రబడితే వేరే కారణము వెదకాలి. కుష్ఠురోగములో వచ్చే రియాక్షన్ కూడా ముఖముపై ఎర్రని వాపుగా కనబడి మోసగించవచ్చు.

నిజముగా సెల్యులైటిస్ అయినా చర్మవైద్యుని పని ఉంది. వ్రేళ్ల సందులలో పాచి, మడమ పగుళ్లు, బోదకాలు: క్రిములు వీటి గుండా చొరబడతాయి. ఆ ద్వారము మూయకపోతే జబ్బు మళ్లీ మళ్లీ వస్తుంది. లేవీయకాండము 13వ అధ్యాయములో యాజకుడు మచ్చను చూచి, ఏడు దినములు ఆగి, మరల చూచుట మనము చదివినదే. మేము ఎన్నిసార్లు ప్రసంగించామో! ఆసుపత్రి మంచము ప్రక్కన మాత్రము గుర్తురాలేదు.

అయితే ఒక కాలు హఠాత్తుగా ఎర్రబడి, జ్వరముతో వాపు ప్రాకుతుంటే చర్మవైద్యుని కొరకు ఆగవద్దు. పసర్లు, సున్నము పూయవద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. షుగరున్నవారు, చర్మము నల్లబడుతున్నవారు, భరించలేని నొప్పి గలవారు గంట కూడా జాగు చేయరాదు. మందు మొదలయ్యాక రెండు మూడు రోజులలో గుణము కనబడకపోతే, "చర్మవైద్యుల చేత చూపించండయ్యా" అని మర్యాదగా అడగండి. అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆసుపత్రిలో ఆ విభాగమున్నది.

ఆ తల్లి ఇప్పుడు ఆరాధనకు వస్తున్నారు. కాళ్లు ఎత్తుగా పెట్టుకొనుటకు చిన్న పీట కూడా ఇంటినుండే తెచ్చుకుంటారు.