లేజరుతో రోమాలు తీయించుకుంటున్నారా? ముందు మీ చర్మం సంగతి తెలుసుకోండి

కొన్నేళ్ళ క్రితం ఒక సోమవారం ఉదయం మా ఓ.పి.కి ఒక అమ్మాయి వచ్చింది. ముఖానికి చున్నీ చుట్టుకుని ఉంది. చున్నీ తీయగానే గడ్డం కింద, దవడల వెంట అచ్చు వేసినట్టు వరుసగా నల్లటి మచ్చలు కనిపించాయి. రెండు మూడు చోట్ల బొబ్బలు చిట్లి తడిగా ఉన్నాయి. "వంటింట్లో ఏమైనా పడిందా అమ్మా?" అని అడిగాను. పక్కనున్న తల్లి తల వంచుకుని, "నెల రోజుల్లో పెళ్ళండీ సిస్టర్ గారూ. గడ్డం మీద వెంట్రుకలు కనిపిస్తున్నాయని పార్లర్‌లో లేజరు చేయించాం" అన్నది.

డ్రెస్సింగ్ చేస్తుండగా ఆ అమ్మాయి మెల్లగా ఒక మాట చెప్పింది. "రెండేళ్ళ క్రితం మీ దగ్గరికే వచ్చాను సిస్టర్. ఇదేం జబ్బు కాదు, దిగులు పడకు అని పంపించేశారు." నాకు ఆ సంగతి గుర్తు లేదు. కాని ఆ మాట నేను అనే ఉంటాను. అప్పట్లో అందరితోనూ అదే అనేదాన్ని. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

లేజరు ఎలా పనిచేస్తుంది?

లేజరు అంటే ఒకే రకమైన, బలమైన కాంతి. ఎక్స్‌రే వంటిది కాదు. కనుక క్యాన్సర్ వస్తుందేమో అన్న భయం అక్కరలేదు. ఎండలో తెల్ల గొడుగుకన్నా నల్ల గొడుగు ఎక్కువ వేడెక్కుతుంది కదా! ఇదీ అంతే. వెంట్రుకకు నలుపునిచ్చే మెలనిన్ అనే పదార్థం లేజరు కాంతిని పీల్చుకుని వేడెక్కుతుంది. ఆ వేడికి వెంట్రుక కుదురు దెబ్బతింటుంది. చుట్టూ ఉన్న చర్మాన్ని కాల్చకుండా కావలసిన చోటనే వేడి పుట్టించవచ్చునన్న సూత్రాన్ని 1983లో అమెరికా వైద్యులు రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ ప్రకటించారు.

చిక్కల్లా ఒక్కటే. మెలనిన్ వెంట్రుకలోనే కాదు, మన చర్మంలో కూడా ఉంటుంది. తెల్లని చర్మం, నల్లని వెంట్రుక ఉన్నవారికి కాంతి తిన్నగా వెంట్రుకను చేరుతుంది. మనవంటి చామనఛాయ, నలుపు చర్మాల్లో మాత్రం దారిలోనే పైచర్మం కొంత కాంతిని పీల్చేసుకుంటుంది. అందువల్ల బొబ్బలు, కాలిన గాయాలు, ఆ తర్వాత నల్ల మచ్చలు, ఒక్కొక్కసారి తెల్ల మచ్చలు వస్తాయి.

చర్మం ఆరు రకాలు

1975లో థామస్ ఫిట్జ్‌పాట్రిక్ అనే అమెరికా చర్మ వైద్యుడు ఎండకు చర్మం ఎలా స్పందిస్తుందన్న దాన్నిబట్టి ఒక వర్గీకరణ చేశారు. మొదట తెల్లని చర్మం కోసం నాలుగు రకాలే పెట్టారు. గోధుమ, నలుపు రంగు చర్మాలకు 5, 6 రకాలను తర్వాత చేర్చారు. ఎండలో ఎర్రగా కమిలిపోయి, ఎన్నటికీ నల్లబడనిది 1వ రకం. ఎంత ఎండకైనా కమలని బాగా నల్లని చర్మం 6వ రకం. మనవారిలో ఎక్కువమంది 4, 5 రకాలకు చెందుతారు.

అన్ని లేజర్లూ ఒకటి కావు. కాంతి తరంగం పొడవు పెరిగేకొద్దీ అది పైచర్మంలో తక్కువగా ఆగి, లోతుకు ఎక్కువగా దిగుతుంది.

- రూబీ (694 నానోమీటర్లు): తొలిరోజుల లేజరు. నల్లని చర్మానికి పనికిరాదు.
- అలెగ్జాండ్రైట్ (755): తెల్లని చర్మానికి బాగుంటుంది. 5, 6 రకాలకు ప్రమాదం ఎక్కువ.
- డయోడ్ (సుమారు 810): చర్మాన్ని చల్లబరిచే ఏర్పాటు, అనుభవం గల చెయ్యి ఉంటే మన చర్మానికీ వాడతారు.
- ఎన్‌డీ యాగ్ (1064): నల్లని చర్మానికి అన్నిటికన్నా సురక్షితం. కాకపోతే సన్నటి వెంట్రుకల మీద పని కాస్త తక్కువ.

ఐ.పి.ఎల్. అనేది అసలు లేజరే కాదు. అనేక తరంగాలు కలిసిన కాంతి. నల్లని చర్మాన్ని సులువుగా కాలుస్తుంది. ఇంట్లో వాడుకునే పరికరాల్లో చాలావరకు ఇదే ఉంటుంది. డబ్బా మీద ఉన్న చర్మం రంగుల పట్టిక చూడకుండా వాటిని ముట్టుకోవద్దు.

ముందు ఈ ప్రశ్న వేసుకోండి: వెంట్రుకలు ఎందుకు వచ్చాయి?

గడ్డం, పై పెదవి, ఛాతీ మీద ముతక వెంట్రుకలతోపాటు నెలసరి సరిగా రాకపోవడం, మొటిమలు, బరువు పెరగడం ఉంటే అది పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య కావచ్చు. కారణానికి వైద్యం చేయకుండా లేజరు ఎన్నిసార్లు చేయించినా కొత్త వెంట్రుకలు వస్తూనే ఉంటాయి. కొద్ది నెలల్లోనే వెంట్రుకలు విపరీతంగా పెరిగినా, గొంతు మగగొంతులా మారినా వెంటనే డాక్టరు గారికి చూపించాలి. తెల్లబడడానికని దుకాణంలో కొనే కొన్ని క్రీముల్లో స్టెరాయిడ్ ఉంటుంది. వాటిని నెలల తరబడి రాసినా ముఖం మీద వెంట్రుకలు వస్తాయి, చర్మం పలచబడుతుంది.

చేయించుకునేవారు పాటించవలసినవి

1. చర్మవ్యాధుల నిపుణుల పర్యవేక్షణలోనే చేయించుకోండి. "నా చర్మం ఏ రకం? ఏ లేజరు వాడుతున్నారు?" అని అడగండి. జవాబు రాకపోతే లేచి వచ్చేయండి.
2. ముందుగా చిన్నచోట పరీక్ష చేయించుకుని, కనీసం రెండు రోజులు ఆగి చూడండి.
3. నాలుగు వారాల ముందు నుంచి థ్రెడింగ్, వ్యాక్సింగ్, పీకడం మానండి. కుదురులో వెంట్రుక లేకపోతే లేజరుకు పని లేదు. షేవింగ్ చేసుకోవచ్చు.
4. ఎండకు నల్లబడి ఉన్నప్పుడు చేయించుకోవద్దు. తర్వాత కూడా కొన్ని వారాలు ఎండ తగలకుండా సన్‌స్క్రీన్, గొడుగు వాడండి.
5. గర్భవతులు వాయిదా వేసుకోవడం మంచిది. వాడుతున్న మందులు, గాయాలు మానాక గడ్డకట్టే గుణం, పెదవి మీద తరచు వచ్చే పొక్కులు ఉంటే ముందే చెప్పండి.
6. కళ్ళకు రక్షణ అద్దాలు తప్పనిసరి. కనుబొమల కింద, కనురెప్పల దగ్గర చేయించుకోకూడదు. పుట్టుమచ్చలు, పచ్చబొట్టు మీద కూడా వద్దు.
7. మత్తు క్రీమును డాక్టరు గారు చెప్పినంతే రాయండి. 2007లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఒక హెచ్చరిక చేసింది. లేజరుకు ముందు కాళ్ళంతా మత్తు క్రీము రాసి, ప్లాస్టిక్ కాగితం చుట్టుకున్న ఇద్దరు యువతులు ఫిట్స్ వచ్చి, స్పృహ తప్పి చనిపోయారు.

చేసిన తర్వాత కొద్దిగా ఎరుపు, వెంట్రుక మొదట చిన్న వాపు ఒకటి రెండు రోజులు ఉండడం మామూలే. బొబ్బలు, చర్మం బూడిదరంగుకు తిరగడం, తగ్గని మంట మామూలు కాదు. చల్లని నీళ్ళలో తడిపిన శుభ్రమైన గుడ్డ వేసి, ఆ రోజే డాక్టరు గారి దగ్గరకు రండి. పసుపు, టూత్‌పేస్టు, ఐసుగడ్డ నేరుగా పెట్టవద్దు.

ఇంకో మాట. "జన్మలో మళ్ళీ రావు" అనే ప్రకటనలను నమ్మకండి. లేజరు వెంట్రుకలను బాగా తగ్గిస్తుంది కాని, పూర్తిగా మాయం చేయదు. నాలుగు నుంచి ఎనిమిది వారాల ఎడంతో ఆరు, ఎనిమిది సార్లు చేయించాలి. తెల్లబడిన వెంట్రుకల మీద పనిచేయదు. మనవంటి చర్మం గలవారిలో కొందరికి ముఖం మీద తగ్గడానికి బదులు పెరగడమూ ఉంది. కనుక పెళ్ళి నెలలో మొదలుపెట్టే పని కాదు ఇది.

ఆ అమ్మాయికి పరీక్షలు చేస్తే పీసీఓఎస్ అని తేలింది. పెళ్ళి అనుకున్న రోజునే జరిగింది. మచ్చలు మానడానికి మాత్రం దాదాపు ఏడాది పట్టింది. ఇప్పుడు ఏ ఆడపిల్ల గడ్డం చేత్తో కప్పుకుని వచ్చినా మా నర్సులం ముందుగా కుర్చీ వేసి కూర్చోబెడతాం. "నెలసరి సరిగా వస్తున్నదా తల్లీ?" అని అడుగుతాం. తల్లులారా, మీరు కూడా ఇంట్లో అదే అడగండి. సిగ్గుపడి దాచుకున్న పిల్లే పార్లర్ బోర్డు చూసి ఒంటరిగా మెట్లెక్కుతుంది.