కీమోతో తగ్గిన క్యాన్సర్ మళ్లీ ఎందుకొస్తుంది?

వాకాడు నుంచి తిరుపతి, చెన్నై ఆస్పత్రులకు తిరిగే క్యాన్సర్ రోగుల ఇళ్లలో ఉండే అనుమానమే ఇది: తగ్గిన గడ్డ మళ్లీ వచ్చిందంటే మందు పనిచేయనట్టేనా?

పనిచేసింది. కానీ కొన్ని కణాలు తప్పించుకున్నాయి. తొలి కీమో మందుల్లోనే ఇది కనిపించింది. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికాలో తయారుచేసిన అమినోప్టెరిన్‌ను 1947-48లో సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో బ్లడ్ క్యాన్సర్ పిల్లలకు ఇచ్చారు. జబ్బు తగ్గింది, నెలల్లోనే తిరగబెట్టింది.

ఆ మందు, తర్వాతి మెథోట్రెక్సేట్ కూడా డీఎన్‌ఏ తయారీకి కావాల్సిన ఒక ఎంజైమ్‌ను అడ్డుకుంటాయి. మొండి కణాలేమో ఆ ఎంజైమ్ జన్యువుకు కాపీల మీద కాపీలు చేసుకుంటాయి. 1978లో ల్యాబ్‌లో పెంచిన కణాల్లో ఇది తేలింది. ఇంకొన్ని కణాలైతే లోపలికొచ్చిన మందును మోటార్‌తో తోడినట్టు బయటికి నెట్టేస్తాయి.

డాక్టర్లు రెండు మూడు మందులు కలిపి ఇచ్చేది, గడ్డ కనిపించకపోయినా మిగతా సైకిళ్లు పూర్తి చేయమనేది అందుకే.