వరుసలో చివరి ఆపరేషన్

రొమ్ము క్యాన్సర్ అంటే అందరికీ భయమే. రొమ్ములో గడ్డ కనిపిస్తుంది. డాక్టర్లు పరీక్షలు చేస్తారు. క్యాన్సర్ అని తేలితే ఆపరేషన్ చేస్తారు. కొందరికి గడ్డవరకే తీస్తారు. కొందరికి రొమ్మంతా తీసెయ్యాల్సి వస్తుంది. ఇంతవరకు చాలామందికి తెలిసిన సంగతే.

తీసేసిన రొమ్మును మళ్లీ తయారు చెయ్యవచ్చు. ఈ మాట విననివాళ్లు మన ఊళ్లలో చాలామందే ఉన్నారు.

"అదెలా? మట్టితో బొమ్మను చేసినట్టు చేస్తారా?" అని ఎవరైనా అడగవచ్చు. దాదాపు అంతే. కాకపోతే ఇక్కడ మట్టి ఆ మనిషి ఒంట్లోదే.

ఒక పద్ధతి ఇలా ఉంటుంది. పొత్తికడుపు దగ్గర చర్మం, దాని కింద కొవ్వు ఉంటాయి కదా. ఆ ముక్కను రక్తనాళాలతో సహా తీస్తారు. ఛాతీ మీద పెట్టి రొమ్ము ఆకారంలో కుడతారు. ఆ రక్తనాళాలు చీపురుపుల్లంత సన్నంగా ఉంటాయి. వాటిని ఛాతీలోని రక్తనాళాలకు కలపాలి. మైక్రోస్కోపులో చూస్తూ, వెంట్రుక కన్నా సన్నని దారంతో కుడతారు. ఇందుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది. ఒక్కోసారి ఇంకా ఎక్కువే. ఆ తర్వాత కూడా నర్సు గంటగంటకీ వచ్చి చూడాలి. కొత్త రొమ్ము వెచ్చగా ఉందా? రంగు మారిందా? రక్తం ఆగిపోతే వెంటనే మళ్లీ ఆపరేషన్ గదికి తీసుకుపోవాలి.

రెండో పద్ధతిలో సిలికాన్ సంచి పెడతారు. ఇది తక్కువ సేపట్లో అయిపోతుంది. చర్మం చాలకపోతే ముందు ఒక ఖాళీ సంచి పెడతారు. కొన్ని రోజులకొకసారి సూదితో అందులోకి ఉప్పునీరు ఎక్కిస్తారు. చర్మం మెల్లగా సాగుతుంది. అప్పుడు ఆ సంచి తీసి అసలు సంచి పెడతారు. అంటే రెండు ఆపరేషన్లు అన్నమాట.

ఒకచోటి చర్మాన్ని మరోచోట అతికించే విద్య మన దేశంలో పాతదే. పూనా దగ్గర ఒక మనిషికి నుదుటి చర్మంతో ముక్కు చేసిన సంగతి 1794లో లండన్ పత్రికలో అచ్చయింది. అది చదివి లండన్‌లో కార్ప్యూ అనే డాక్టర్ 1814లో అలాంటి ఆపరేషనే చేశాడు.

రొమ్మును ఎప్పుడు తయారు చేస్తారు? క్యాన్సర్ రొమ్మును తీసిన రోజే చెయ్యవచ్చు. అప్పుడు ఒకే మత్తుతో రెండు పనులూ అయిపోతాయి. నెలల తర్వాత, ఏళ్ల తర్వాత కూడా చెయ్యవచ్చు. కరెంటు పెట్టించుకోవాల్సిన వాళ్లకు చాలాసార్లు తర్వాతే చేస్తారు. కొందరు ఆడవాళ్లు అసలు వద్దంటారు. జాకెట్టు లోపల మెత్త పెట్టుకుంటారు, లేదా అదీ పెట్టుకోరు. అది వాళ్ల ఇష్టం.

మరి ఇంత పెద్ద ఆపరేషన్‌కు చాలా డబ్బు కావాలి. డబ్బు లేక ఆగిపోయేవాళ్లే ఎక్కువ అనుకుంటాం. కాని డబ్బు అడగని చోట కూడా ఈ ఆపరేషన్ ఆగిపోయింది. అది ఇంగ్లండులో జరిగింది.

ఇంగ్లండు ఉన్న బ్రిటన్ దేశంలో 1948 నుంచి సర్కారు వైద్యం ఉంది. జనం కట్టే పన్నులతో నడుస్తుంది. ఆసుపత్రిలో ఆపరేషన్‌కు డబ్బు కట్టక్కర్లేదు. ఆ దేశంలో ఏటా సుమారు 55 వేల మంది ఆడవాళ్లకు రొమ్ము క్యాన్సర్ వస్తుంది. రొమ్ము తీసేయాల్సిన ఆడవాళ్లకు ఈ ఆపరేషన్ గురించి చెప్పాలి, వెంటనే కావాలా తర్వాత కావాలా అని అడగాలి అని 2018లో డాక్టర్లకు సూచనలు ఇచ్చారు. దగ్గరి ఆసుపత్రిలో ఆ వసతి లేకపోయినా చెప్పి తీరాలన్నారు.

2020లో కరోనా వచ్చింది.

ఆ ఏడాది మార్చి 17న ఇంగ్లండు ఆసుపత్రులన్నిటికీ ఒక ఉత్తరం వెళ్లింది. తొందర లేని ఆపరేషన్లన్నీ వాయిదా వెయ్యండి అని దాని సారాంశం. వారం తిరక్కుండానే దేశమంతా లాక్‌డౌన్ పెట్టారు. క్యాన్సర్ ఆపరేషన్లు మాత్రం ఆపవద్దన్నారు. వాటి కోసం ప్రైవేటు ఆసుపత్రుల మంచాలు కూడా తీసుకున్నారు. ఆపరేషన్ గదులు దొరికినచోట రొమ్ము క్యాన్సర్‌ను తీశారు. కాని మళ్లీ రొమ్ము తయారుచేసే పని చాలాచోట్ల ఆపేశారు. ఒకే రోజు రెండూ జరగాల్సిన ఆడవాళ్లకు ఒకటే జరిగింది.

ఎందుకు ఆపారు? డాక్టర్లకు మనసు లేక కాదు.

ఆపరేషన్ గదిలో మత్తు ఇచ్చే డాక్టర్ ఉంటారు. కరోనా రోగికి వెంటిలేటర్ పెట్టి చూసుకోవటం కూడా ఆయనకే బాగా తెలుసు. అందుకని ఆయన్ను కరోనా వార్డుకు పంపారు. ఆపరేషన్ గదుల్లోని మెషిన్లు కూడా కొన్నిచోట్ల ఊపిరాడని రోగులకు వాడారు. నర్సులు అటే వెళ్లారు. గంటగంటకీ కొత్త రొమ్మును చూడాల్సిన నర్సు లేకపోతే, ఎనిమిది గంటల కష్టం ఒక్క రాత్రిలో పాడవుతుంది.

ఇంకో భయం కూడా ఉంది. ఆపరేషన్ అయిన మనిషికి కరోనా సోకితే ఏమవుతుంది? 24 దేశాల రోగుల లెక్కలు 2020 మే నెలలో బయటికొచ్చాయి. ఆపరేషన్‌కు కాస్త ముందో వెనకో కరోనా సోకినవాళ్లలో నూటికి 24 మంది నెల రోజుల్లోపే చనిపోయారు. వాళ్లలో ముసలివాళ్లు, అత్యవసరంగా ఆపరేషన్ అయినవాళ్లు ఎక్కువమంది ఉన్నారు. అయినా అది చిన్న లెక్క కాదు. రొమ్ము లేకపోయినా మనిషి బతుకుతుంది. అలాంటప్పుడు ఇంత ప్రమాదంలోకి ఎందుకు దించాలి అని డాక్టర్లు ఆలోచించారు. ఆ మొదటి నెలల్లో అది న్యాయమైన ఆలోచనే.

తర్వాత సంగతే తేలిగ్గా ఒప్పుకోవటానికి లేదు.

ఆపరేషన్లను వరుసలుగా విడదీశారు. ప్రాణం మీదికి వచ్చినవి మొదటి వరుస. నాలుగు వారాల్లో చెయ్యాల్సినవి రెండోది. మూడు నెలలు ఆగగలిగినవి మూడోది. అంతకన్నా ఎక్కువ ఆగగలిగినవి నాలుగోది. తీసేసిన రొమ్మును మళ్లీ తయారుచేసే ఆపరేషన్ ఆ నాలుగో వరుసలో పడింది.

రేషన్ షాపు ముందు నిలబడ్డవాళ్లకు ఈ బాధ తెలుసు. వరుసలో చివర ఉంటే ఆలస్యంగానైనా వంతు వస్తుంది. కాని ముందు వరుసలోకి రోజూ కొత్తవాళ్లు వచ్చి చేరుతుంటే? రొమ్ము క్యాన్సర్ రోగులు ప్రతి వారం కొత్తగా వస్తూనే ఉంటారు. ఆ డాక్టర్లే, ఆ గదులే వాళ్లకూ కావాలి. వాళ్లను ముందు చూడక తప్పదు. చివరివాళ్లు చివరే ఉండిపోతారు. 2020 ఎండాకాలంలో కొన్నిచోట్ల ఈ ఆపరేషన్లు మళ్లీ మొదలయ్యాయి. చలికాలంలో కరోనా మళ్లీ విజృంభించింది. చాలాచోట్ల మళ్లీ ఆగాయి.

"తొందర లేదు" అనే మాట డాక్టర్ కాగితం మీద చిన్నది. ఇంట్లో ఆ మాట ఎలా ఉంటుంది? ఒకవైపు రొమ్ము ఉంటుంది, ఒకవైపు ఉండదు. జాకెట్టు సరిగా నిలవదు. బరువు ఒకవైపే ఉంటే కొందరికి మెడ, వీపు లాగుతాయి. స్నానం చేసేటప్పుడు అద్దం వైపు చూడబుద్ధి కాదు. భర్త ముందు బట్టలు మార్చుకోవటానికి కూడా వెనకాడేవాళ్లున్నారు. సగం పని అయినవాళ్ల అవస్థ ఇంకొకటి. ఉప్పునీటి సంచి గట్టిగా ఉంటుంది. కొన్ని నెలలకని పెట్టిన ఆ సంచితోనే వాళ్లు ఇంకా ఎన్నాళ్లో ఎదురుచూడాలి. పైగా కరోనా రోజుల్లో ఆసుపత్రిలోకి తోడు రానివ్వలేదు. రొమ్ము తియ్యాలి, మళ్లీ చెయ్యటం ఇప్పుడు కుదరదు అనే మాటను చాలామంది ఒంటరిగా కూర్చుని విన్నారు.

క్యాన్సర్ రాకముందే రొమ్ములు తీయించుకోవాలనుకునేవాళ్లు కూడా ఆగారు. వాళ్లకు పుట్టుకతోనే వచ్చిన లోపం వల్ల క్యాన్సర్ వచ్చే అవకాశం చాలా ఎక్కువ. వాళ్లు ఎదురుచూసిన ప్రతి నెలా భయంతోనే గడిచింది.

లెక్కలు చూస్తే వరుస ఎంత పెరిగిందో తెలుస్తుంది. ఇంగ్లండులో అన్ని రకాల వైద్యాలకూ కలిపి, ఏడాదికి పైగా ఎదురుచూస్తున్న కేసులు 2020 ఫిబ్రవరిలో దాదాపు 1,600. 2021 మార్చికి అవి 4 లక్షల 36 వేలు అయ్యాయి. మొత్తం వరుస కరోనాకు ముందు సుమారు 46 లక్షలు. 2023 సెప్టెంబరులో 77 లక్షలు దాటింది. కరోనా తగ్గినా వరుస తగ్గలేదు.

వరుస పెరిగాక ఆసుపత్రులు చాలాకాలంగా ఆగినవాళ్లకు ఉత్తరాలు, ఫోన్ మెసేజీలు పంపాయి. ఈ వైద్యం మీకు ఇంకా కావాలా అని అడిగాయి. రొమ్ము తీసిన ఏళ్లకు కూడా ఈ ఆపరేషన్ చెయ్యవచ్చు కాబట్టి, కావాలి అని రాసినవాళ్ల పేర్లు వరుసలోనే ఉంచారు.