బ్యాటరీబండ్లును బాలురును

బ్యాటరీబండ్లు నేఁడు పట్టణములయందే గాక పల్లెలయందును విరివిగాఁ గానవచ్చుచున్నవి. పొగ లేదు, చప్పుడు లేదు, పెట్రోలు ఖర్చు లేదు. ఇందుచే నది సైకిలువంటిదే యని తలంచి, గృహిణులు కొందఱు పదునాలుగేండ్ల కుమారునిచేతికిఁ దాళపుఁజెవి నిచ్చి ట్యూషనుకో, పాలకో పంపుచున్నారు. లైసెన్సు అక్కఱలేదని అంగడివాఁడు చెప్పెను గదా యందురు. ఆ మాట కొన్ని బండ్లపట్ల నిజము, అన్నిటిపట్లఁ గాదు. ఈ భేదమునే సోదరీమణులకు మనవి చేయఁదలఁచితిమి.

1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనల ననుసరించి, మోటారుశక్తి 250 వాట్లకు లోపుగాను, వేగము గంటకు 25 కిలోమీటర్లకు లోపుగాను ఉండి, బ్యాటరీ గాక బరువు 60 కిలోలకు మించక, పరీక్షాసంస్థ ధ్రువపత్రము గల బండి మోటారు వాహనము గాదు. దానికి రిజిస్ట్రేషనును లైసెన్సును వలదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని వయోనియమము దానికి వర్తింపదు. వేగము పెంచుటకై అంగడిలో దానిని మార్పించినచో నీ మినహాయింపు పోవును.

తక్కిన బండ్లన్నియు మోటారు వాహనములే. వానిని రహదారిపై నడపుటకు 18 ఏండ్లు నిండవలయును. 50 సీసీలకు మించని యింజను గల మోటారుసైకిలునకు 16 ఏండ్లు చాలునను సడలింపు గలదు; కాని యదియు లైసెన్సు పొందినవారికే. ఆ లైసెన్సునకు సంరక్షకులు వ్రాతమూలముగా సమ్మతింపవలయును.

తల్లులు ముఖ్యముగా నెఱుఁగవలసినది 2019లో చేర్చిన 199ఏ సెక్షను. బాలుఁడు చట్టవిరుద్ధముగా బండి నడపి నేరము చేసినచో దోషులు సంరక్షకులును బండి యజమానియు. 3 సంవత్సరములవఱకు కారాగారము, 25,000 రూపాయల జుల్మానా. బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దగును. బాలునికి 25 ఏండ్లు నిండువఱకు లైసెన్సు లభింపదు. కాలేజీ ముగిసి ఉద్యోగమునఁ జేరిన పిమ్మటఁ గూడ ఇతరుల బండి వెనుకఁ గూర్చుండవలసినదే! తమకుఁ దెలియకుండ జరిగినదనియో, తగిన జాగ్రత్త తీసికొంటిమనియో నిరూపించుకొన్న పెద్దలకు శిక్ష లేదు. అయితే వారి సమ్మతితోనే నడపెనని న్యాయస్థానము మొదటనే భావించును. కావున నిరూపణభారము పెద్దలదే. భర్త పరస్థలమున నుండఁగా బండి తన పేరఁ గొన్న యిల్లాలు సంరక్షకురాలును యజమానురాలును తానే యగును. తాళపుఁజెవి గూటిలో నందఱికి నందునట్లుంచిన యింట జాగ్రత్త తీసికొంటిమని చెప్పుట కష్టము.

బాలునికొఱకే కొనఁదలఁచినవారు ఆ పరీక్షాసంస్థ ధ్రువపత్రమును ముందుగాఁ జూపుమని యడుగుఁడు. అంగడివాఁడు రేపు చూపెదననినచో, పైకమును రేపే యిండు.