అక్షరచిత్రణము: ఒక ప్రవాసాంధ్ర విద్యార్థి అభ్యాసము

గ్రాఫిక్ డిజైను అను విద్యకు తెలుగులో అందరును అంగీకరించిన పేరు ఇంకను ఏర్పడలేదు. గ్రంథముల ముఖపత్రములు, శుభలేఖలు, గోడప్రకటనలు, అంగళ్ళ బోర్డులు, సరకుల పొట్లములు మున్నగువానిపై అక్షరములను, బొమ్మలను చూచువారికి ఇంపుగను, చదువువారికి సుబోధముగను పొందుపరచుట ఈ విద్యయొక్క పని. రచయితలకు దీనితో దగ్గర సంబంధము కలదు. ఏ కవి గ్రంథమైనను పాఠకుని చేతి కందునప్పటికి దాని పేరును ఎవరో యొకరు చిత్రించి యుందురు. ఆ చిత్రించినవారు తెలుగు చదువగలవారేనా యను సందేహము ఒకప్పుడు ఎవరికిని కలుగలేదు. నేడు కలుగుచున్నది.

మన దేశమున ఈ విద్యకు పాఠశాలలు ఏర్పడి ఎంతో కాలము కాలేదు. భారత ప్రభుత్వము కోరగా అమెరికా దేశీయులైన చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు ఇచట పర్యటించి 1958లో ఒక నివేదికను సమర్పించిరి. 1961లో అహమ్మదాబాదున జాతీయ డిజైను సంస్థ వెలసినది. 1969లో బొంబాయి ఐ.ఐ.టి.లో పారిశ్రామిక డిజైను కేంద్రము ఏర్పడినది. ఈమ్స్ దంపతుల నివేదికలో నేటికిని విద్యార్థులు చదువుకొను భాగము మన యింటి చెంబును గూర్చినది. చెంబు ఎంత నీరు పట్టవలెను, నిండియున్నపుడును వంచినపుడును దాని తూక మెట్లుండవలెను, చేతికిని చంకకును ఎట్లమరవలెను, తోముట కెట్లు వీలుగా నుండవలెను అని వరుసగా ప్రశ్నించి, చెంబును కల్పించినవాడు ఏ ఒక్కడును కాడనియు, తరతరముల జనులు కలసి దానికి ఆ రూపము నిచ్చిరనియు వారు నిరూపించిరి. తెలుగు అక్షరమును గూర్చియు సరిగా ఇంతే చెప్పవచ్చును. ఈ సంగతి ప్రవాసాంధ్రుల యిండ్లలో పెరిగిన విద్యార్థికి ఎట్లు అనుభవమునకు వచ్చునో చూచుట మిక్కిలి ఉపయుక్తము.

భిలాయి పట్టణము అందులకు మంచి ఉదాహరణము. 1955లో సోవియట్ దేశముతో కుదిరిన ఒప్పందము ననుసరించి అచట ఉక్కు కర్మాగారము నిర్మింపబడినది. 1959 ఫిబ్రవరిలో అందలి మొదటి బ్లాస్టు ఫర్నేసును రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు ప్రారంభించిరి. విజయనగరమునుండి రాయపూరునకు రైలుమార్గము 1931లోనే పూర్తియై యుండుటచే ఉత్తరాంధ్రమువారికి ఆ ప్రాంతము దూరదేశముగా తోచలేదు. పనులకై వెళ్ళి అచటనే స్థిరపడిన తెలుగు కుటుంబముల మనుమలు, మనుమరాండ్రు నేడు చదువులలో నున్నారు. కర్మాగారపు సెక్టరులకు వెలుపలనున్న నెహ్రూనగర్‌లో పెరిగి, డిజైను కళాశాలలో చేరిన ఒక తెలుగు విద్యార్థిని ఊహింపవచ్చును. ఇంట మాటాడునది తెలుగు. బడిలో నేర్చినది హిందీ, ఇంగ్లీషు. తెలుగు లిపి ఆమెకు కంటికి తెలియునుగాని చేతికి తెలియదు. గోడపై క్యాలెండరు, దేవుని గదిలో పంచాంగము, స్వస్థలమునుండి వచ్చు శుభలేఖలు – ఇవియే ఆమె చూచిన తెలుగు గ్రంథాలయము.

ఇట్టి విద్యార్థినికి కళాశాలలో మాతృభాషలో ఒక శుభలేఖను రూపొందింపుమని అభ్యాసము నిచ్చిరనుకొందము. ఆమె తెలుగు అక్షరములను వలయములుగా చూచును. చక్కగా గుండ్రముగా గీయును. తలకట్టును ఒక అలంకారముగా భావించి, అన్ని అక్షరములపైనను ఒకే యెత్తున, శరీరమునకు తగులకుండ, చిన్న పిట్టలు వ్రాలినట్లు అమర్చును. చూచుటకు అందముగానే యుండును. కాని వకారమునకు తలకట్టు అంటియుండవలెను. పకారమునకు విడిగా నుండవలెను. ఆ శుభలేఖలో వరుడు కాస్తా పరుడైనాడు! ధకారము క్రింది చిన్న గీతను మచ్చయని తలచి తుడిచివేసినచో వధువుకు పట్టు గతియు ఇట్టిదే.

ఇట్టి పొరపాట్లకు నవ్వి ఊరకుండుట తగదు. తెలుగు లిపిలో అర్థభేదమంతయు ఎంత చిన్న గీతలపై నిలిచియున్నదో అవి చూపుచున్నవి. వకారముపై కుడివైపున కొమ్మువంటి గీత చేర్చినచో మకారమునకు పోలిక వచ్చును. అందువలననే వు, పు అని వ్రాయునపుడు మన పూర్వులు కొమ్మును ప్రక్కనుండి కాక అడుగునుండి తీసిరి. మొ, యొ అను అక్షరములలో ఒత్వము తక్కిన హల్లులకు వలె రాదు. ఎత్వమునకు కొమ్ము చేరిన రూపములో వచ్చును. వీనిని ఏ సంఘమో సమావేశమై నిర్ణయింపలేదు. వ్రాయువాని చేయి తడబడిన చోట, చదువువాని కన్ను మోసపోయిన చోట, అక్షరము తనంతట తాను సర్దుకొన్నది. చెంబు అంచు బయటికి వంగినట్లే ఇదియును.

కంప్యూటరు వలన ఈ చిక్కు తగ్గలేదు. భారతీయ లిపులకు తగిన కూర్పు ఏర్పాటు లేని చిత్రలేఖన సాఫ్ట్‌వేర్‌లో తెలుగు వ్రాసినచో ఒత్తు తన హల్లు క్రిందికి దిగదు. పొల్లుతో ప్రక్కననే నిలిచిపోవును. అమ్మ యను రెండక్షరములు మూడు ముక్కలగును. తెలుగు చదువరాని వానికి అది ముక్కలైనదని తెలియు ఉపాయము లేదు. అట్టివి ముద్రితమై వీధులలో వ్రేలాడుట నగరములలో అందరును చూచుచున్నదే.

ఇక ప్రేరణము. డిజైను పాఠశాలలలో ప్రతి అభ్యాసముతోను విద్యార్థి తన ప్రేరణ మెచటనుండి వచ్చెనో వ్రాసి సమర్పింపవలసి యుండును. చాలమంది అజంతా యనియో, తాళపత్రములనియో వ్రాసి ఊరకుందురు. తాటియాకుపై గంటముతో అడ్డగీతలు గీచిన ఆకు చినుగును గావున మన లిపి గుండ్రమైనదను మాట ప్రసిద్ధము. అందు కొంత సత్యముండవచ్చును. కాని కోణముగా వంగిన తలకట్టునకు అది సమాధానము చెప్పదు. తాటియాకు నెన్నడును చేతపట్టని విద్యార్థిని దానిని ప్రేరణముగా పేర్కొనుట అరువు తెచ్చుకొన్న నగవంటిది.

భిలాయి విద్యార్థినికి దగ్గరలోనే మరియొక వస్తువు కలదు. బస్తరు ప్రాంతపు ఘడ్వాలు ఇత్తడి బొమ్మలు పోతపోయునపుడు ముందుగా మట్టితో అచ్చు చేసి, దానిపై తేనెమైనపు సన్నని దారములను ఒకదాని ప్రక్క నొకటిగా చుట్టుదురు. పైన మరల మట్టి మెత్తి కాల్చగా మైనము కరగి వెడలిపోవును. ఆ ఖాళీలో ఇత్తడి నిండును. ఆ మైనపు దారము తెగక, సమానమైన లావుతో, తనపై తాను చుట్టుకొనుచు పోవు తీరు తెలుగు అక్షరపు నడకకు మిక్కిలి చేరువ. అకారమును గీతగా కాక దారముగా భావించి, ఎచట మొదలై ఎచట తిరిగి ఎచట ముగియునో చేతితో చుట్టి చూచిన విద్యార్థినికి, అక్షరమునకు ఒక క్రమము కలదని తెలియును. కంటితో మాత్రము చూచిన వలయములలో ఈ క్రమము దొరకదు.

తెలుగునాట ఈ జ్ఞానము పాఠశాలల ద్వారా రాలేదు. అడివి బాపిరాజు (1895–1952) బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చట్టోపాధ్యాయుల యొద్ద చిత్రకళ నభ్యసించెను. నవలలు వ్రాసిన చేతితోనే బొమ్మలు వేసెను. బాపు (1933–2014) చదివినది న్యాయశాస్త్రము. ఆయన చేతివ్రాత ఎన్నో గ్రంథముల ముఖపత్రములపై నిలిచి, తరువాత కంప్యూటరు అక్షరములుగా కూడ మారినది. ఇరువురకును తెలుగు అక్షరము చదువుకొన్న వస్తువు. గీయుట పిదప వచ్చినది. నెహ్రూనగర్ విద్యార్థిని ఈ మార్గమును వెనుకనుండి నడువవలసి యున్నది.

అట్లు నడుచుట నష్టమేయని చెప్పరాదు. చదువ నేర్చినవాడు అక్షరము నెన్నడును చూడడు, దాటిపోవును. చదువరానివాడే దాని వంపును, బరువును, నడుమ ఖాళీని గమనించును. స్త్రీ యను అక్షరము క్రింద రెండంతస్తులు దిగుననియు, గుడిదీర్ఘము పైకి పోవుననియు, దానిపై దానిక్రింద పంక్తులకు ఎడము విడువవలెననియు ముందుగా పసిగట్టునది అట్టి కన్నే. కాని ఆ కన్నునకు తోడుగా ఒక గొంతు కావలెను. శుభలేఖ చిత్తుప్రతిని విద్యార్థిని ఇంటికి తెచ్చి, ముద్రణకు ముందు మామ్మగారిచే బిగ్గరగా చదివించినచో, వరుడు అనుచోట ఆమె ఆగి కళ్ళజోడు సవరించుకొనును. తలకట్టు ఎచట అంటవలెనో ఆమె వ్రేలితో చూపును.