బయటి చేయి, లోపలి గడియ



రెండు పిల్లులకు ఒక రొట్టె దొరికింది. పంపకంలో తగవు వచ్చి కోతి దగ్గరకు వెళ్లాయి. కోతి తక్కెడ పట్టుకుని, ఇటు కొంచెం అటు కొంచెం కొరికి, చివరకు రొట్టెంతా తానే తినేసింది. ఈ కథ మనందరం చిన్నప్పుడు విన్నదే. బడిలో చెప్పినప్పుడు పిల్లలందరూ కోతినే తిడతారు. ఎప్పుడో ఒకసారి ఒక పిల్లవాడు లేచి, "కోతి తనంతట తాను రాలేదు కదండీ, పిల్లులే పిలిచాయి కదా" అంటాడు. ఈనాటి మన ప్రసంగానికి ఆ పిల్లవాడి ప్రశ్నే మూలం.

ఆత్మగౌరవం, బయటివారి జోక్యం అనే మాటలు రాజకీయాల్లో జంటగా వినిపిస్తాయి. బయటివాడు మన వ్యవహారంలో వేలు పెట్టినప్పుడే మనకు ఆత్మగౌరవం గుర్తుకు వస్తుంది. అయితే ఆ వేలు లోపలికి ఎలా రాగలిగింది, తలుపు గడియ ఎవరు తీశారు అని మనం అంతగా ఆలోచించం. ఈ విషయం తెలుసుకోవడానికి ఒక ఉదాహరణ తెలుగునాడు నుంచి, ఒకటి పడమటి ఆఫ్రికాలోని నైజీరియా నుంచి తీసుకుందాం.

మొదట మన ఇంటి సంగతి. నేను మాట్లాడేది చెన్నైలోని కోడంబాక్కం నుంచి. ఒకప్పుడు తెలుగు సినిమాలు ఎక్కువగా ఇక్కడి చుట్టుపక్కల తయారయ్యేవి. వాహిని, భరణి, ఏవీఎం స్టూడియోలు వడపళని, సాలిగ్రామం ప్రాంతాల్లో ఉన్నా, జనం అన్నింటినీ కలిపి కోడంబాక్కం అనేవారు. 1949లో 'మనదేశం' చిత్రంతో వెండితెరకు వచ్చిన నందమూరి తారక రామారావుగారు మూడు దశాబ్దాలకు పైగా ఈ స్టూడియోల్లోనే రాముడిగా, కృష్ణుడిగా వేషం కట్టారు. పక్కనే త్యాగరాయనగర్‌లో, బజుల్లా రోడ్డులో వారి ఇల్లు. తిరుపతి కొండ దిగిన యాత్రికులు బస్సుల్లో మద్రాసు వచ్చి ఆ ఇంటి ముందు నిలబడేవారు. పుత్తూరు, నగరి, తిరుత్తణి వైపు ఉన్న పెద్దవారికి ఆ బస్సులు గుర్తుండే ఉంటాయి.

ఆయన మేకప్ తుడిచి రాజకీయాల్లోకి రావడానికి కారణం ఏమిటి? 1978లో ఆంధ్రప్రదేశ్‌లో ఇందిరా కాంగ్రెస్ గెలిచింది. అక్కడి నుంచి అయిదేళ్లు నిండకముందే నలుగురు ముఖ్యమంత్రులు మారారు. చెన్నారెడ్డిగారు, అంజయ్యగారు, భవనం వెంకట్రామిరెడ్డిగారు, కోట్ల విజయభాస్కరరెడ్డిగారు. ఎవరు రావాలో, ఎవరు పోవాలో ఢిల్లీలో నిర్ణయమయ్యేది. అందుకే అప్పట్లో 'సీల్డు కవరు ముఖ్యమంత్రి' అనే మాట పుట్టింది. 1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో, స్వాగతం చెప్పడానికి పెద్ద బలగంతో వచ్చిన ముఖ్యమంత్రి అంజయ్యగారిని, అప్పటి పార్లమెంటు సభ్యుడు రాజీవ్ గాంధీగారు అందరి ముందూ మందలించారని పత్రికలు రాశాయి. ఆ నెలలోనే అంజయ్యగారి పదవి పోయింది. పార్టీ ఏదైనా సరే, ముఖ్యమంత్రిని అలా మాట్లాడితే అది రాష్ట్రానికి జరిగిన అవమానమేనని సామాన్యులకు కూడా అనిపించింది.

రామారావుగారు ఆ బాధను పట్టుకున్నారు. 1982 మార్చి 29న హైదరాబాదులో తెలుగుదేశం పార్టీ పెట్టారు. పాత షెవర్లే వ్యాను ఒకదాన్ని చైతన్యరథంగా మార్చి, తెలుగువారి ఆత్మగౌరవం అంటూ ఊరూరా తిరిగారు. పార్టీకి ఏడాది కూడా నిండలేదు. 1983 జనవరి ఎన్నికల్లో 294 స్థానాలకు 200కు పైగా గెలిచింది.

ఇక్కడిదాకా కథ మనకు తీపిగానే ఉంటుంది. అసలు పరీక్ష 1984లో వచ్చింది. గుండె ఆపరేషన్ కోసం అమెరికా వెళ్లి రామారావుగారు అప్పుడే తిరిగి వచ్చారు. స్వాతంత్ర్య దినోత్సవం మర్నాడు, ఆగస్టు 16న, గవర్నరు రామ్‌లాల్ గారు ఆయన ప్రభుత్వాన్ని రద్దు చేసి నాదెండ్ల భాస్కరరావుగారితో ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయించారు. భాస్కరరావుగారు ఎవరు? పార్టీ పెట్టినప్పుడు రామారావుగారి పక్కన ఉన్నవారు, ఆయన మంత్రివర్గంలో ఆర్థిక మంత్రి. సభలో బలం తేల్చుకునే అవకాశం ఇమ్మని రామారావుగారు అడిగినా గవర్నరు వినలేదు. కొత్త ముఖ్యమంత్రికి మాత్రం బలం చూపించుకోవడానికి నెల రోజుల గడువు ఇచ్చారు.

గవర్నరును నియమించేది రాష్ట్రపతి, కేంద్ర ప్రభుత్వ సలహా మీద. అంటే ఢిల్లీకి రాష్ట్రంలో ఒక తలుపు ఎప్పుడూ ఉంటుంది. ఆ తలుపు రాజ్యాంగం పెట్టినదే, తప్పేమీ లేదు. కానీ లోపలి మనిషి గడియ తీస్తే, ఆ తలుపులోంచి ప్రభుత్వాన్ని మార్చడం సులువవుతుంది. సీల్డు కవర్ల కాలంలో కూడా అంతే. ఒకరి మీద ఒకరు ఫిర్యాదులు మోసుకుని ఢిల్లీ రైలు ఎక్కినవారు తెలుగువారే. 'ఇంటి గుట్టు లంకకు చేటు' అని పెద్దలు ఊరికే అనలేదు.

మరి 1984లో ఆ గడియ తిరిగి ఎలా పడింది? ఉపన్యాసాల వల్ల మాత్రమే కాదు. లెక్క వల్ల పడింది. సభలో మెజారిటీకి 148 మంది కావాలి. రామారావుగారు అంతకంటే ఎక్కువమంది శాసనసభ్యులను వెంటబెట్టుకుని, చక్రాల కుర్చీలో ఢిల్లీ వెళ్లి, రాష్ట్రపతి జైల్ సింగ్ గారి ముందు నిలబెట్టారు. తలలు లెక్కపెట్టుకోండి అన్నట్టుగా. ఆ తరువాత ఎవరూ జారిపోకుండా ఆ సభ్యులను కర్ణాటకలో ఉంచారు. అక్కడి ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డేగారు అండగా నిలిచారు. దేశంలోని అనేక ప్రతిపక్ష పార్టీల నాయకులు హైదరాబాదు వచ్చారు. వీధుల్లో జనం ఆందోళన చేశారు. గవర్నరు రాజీనామా చేసి వెళ్లారు. శంకర్ దయాళ్ శర్మగారు వచ్చారు. సెప్టెంబరు 16న రామారావుగారు మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. సరిగ్గా నెల రోజుల వ్యవహారం.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. కర్ణాటకవారు కూడా మనకు బయటివారే. కానీ వారి సాయం జోక్యం అనిపించలేదు. ఎందుకంటే ఓటర్లు ఇచ్చిన తీర్పును నిలబెట్టడానికి వారు వచ్చారు, మార్చడానికి కాదు. బయటి చేయి అంతా చెడ్డదని అనుకోకూడదు. అది ఎవరి మాటను నిలబెడుతోంది అన్నదే చూడాలి.

ఇటువంటి అనుభవాల వల్ల దేశానికి కొన్ని నియమాలు వచ్చాయి. 1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చింది. 1994 మార్చి 11న, కర్ణాటక మాజీ ముఖ్యమంత్రి ఎస్.ఆర్. బొమ్మైగారి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఒక తీర్పు చెప్పింది. ప్రభుత్వానికి బలం ఉందో లేదో తేలవలసినది రాజభవనంలో కాదు, శాసనసభలో అని. ఫిరాయింపులు ఆగిపోయాయని నేను అనను. కానీ చీకట్లో తీసే గడియకు వెలుతురు తోడైంది.

ఇంకొక మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. 1995 ఆగస్టులో రామారావుగారు మళ్లీ పదవి పోగొట్టుకున్నప్పుడు, వేరుపడి నిలబడ్డది ఆయన సొంత పార్టీ శాసనసభ్యుల్లో ఎక్కువమంది, సొంత కుటుంబంలోని ముఖ్యులు. అందులో తప్పొప్పులు ఇప్పటికీ వాదించుకుంటారు. ఆ వాదన మనకు వద్దు. ఢిల్లీని తిట్టడం నేర్చిన ఆత్మగౌరవానికి ఇంటి తగవు తీర్చుకునే పద్ధతి వేరే నేర్చుకోవాలని మాత్రం తెలిసింది.

ఇప్పుడు సముద్రాలు దాటి నైజీరియాకు వెళదాం. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది 1953 అక్టోబరు 1న. నైజీరియా బ్రిటిష్ పాలన నుంచి స్వతంత్రమైంది 1960 అక్టోబరు 1న. తేదీ కలవడం కాకతాళీయమే, కానీ కథలో పోలికలు ఉన్నాయి. ఆఫ్రికాలో అన్నింటికంటే ఎక్కువ జనాభా ఉన్న దేశం నైజీరియా. ఇరవై కోట్లు దాటిన జనం, వందల భాషలు. ఉత్తరాన హౌసా, నైరుతిలో యొరూబా, ఆగ్నేయంలో ఇగ్బో పెద్ద జాతులు. నేలలో చమురు ఉంది. ఆఫ్రికాకు తామే పెద్దన్న అనే గర్వం అక్కడివారికి సహజంగా ఉంది.

ఆ గర్వానికి తొలి దెబ్బ ఇంట్లోనే తగిలింది. 1967లో ఇగ్బోలు ఎక్కువగా ఉన్న తూర్పు ప్రాంతం బయఫ్రా పేరుతో విడిపోతున్నట్టు ప్రకటించింది. 1970 జనవరి వరకు అంతర్యుద్ధం సాగింది. లక్షలాది జనం, ముఖ్యంగా పిల్లలు, ఆకలితో చనిపోయారు. అన్నదమ్ముల తగవు కదా, కోతులు వచ్చాయి. కేంద్ర ప్రభుత్వానికి బ్రిటన్, సోవియట్ యూనియన్ రెండూ ఆయుధాలు ఇచ్చాయి. బయఫ్రాకు ఫ్రాన్స్ లోపాయికారీగా సాయం చేసింది. నైజీరియా చుట్టూ ఉన్న దేశాలు ఎక్కువగా ఒకప్పటి ఫ్రెంచి వలసలు. వాటి నడుమ ఇంత పెద్ద దేశం బలపడడం ఫ్రాన్సుకు నచ్చలేదు.

యుద్ధం తరువాత నైజీరియా నాయకులు మంచి ఆలోచనే చేశారు. ఇరుగుపొరుగు మనతో ఉంటే బయటివారికి చోటు తగ్గుతుందని, 1975 మే 28న లాగోస్ నగరంలో పదిహేను దేశాలతో పడమటి ఆఫ్రికా ఆర్థిక సమాజానికి ఒప్పందం కుదిర్చారు. అయినా ఫ్రాన్సు పట్టు ఒక్కరోజులో పోలేదు. ఆ చుట్టుపక్కల చాలా దేశాల్లో చలామణి అయ్యేది సీఎఫ్ఏ ఫ్రాంకు అనే నాణెం. 1945లో ఫ్రాన్సు మొదలుపెట్టినది. విలువ నిలబెడతామని ఫ్రాన్సు హామీ ఇచ్చింది. అందుకు బదులుగా పడమటి ఆఫ్రికా దేశాలు తమ విదేశీ నిధుల్లో సగం ఫ్రెంచి ఖజానాలో ఉంచేవి. మన నగలు ఇంకొకరి బీరువాలో ఉన్నట్టు. 2019 డిసెంబరులో ఆ నియమాన్ని తీసివేయడానికి ఒప్పందం జరిగింది. యూరోతో ముడి మాత్రం అలాగే ఉండిపోయింది. ఇది అన్యాయమని యువకులు అంటారు, ధరలు నిలకడగా ఉండడానికి ఇదే కారణమని కొందరు ఆర్థికవేత్తలు అంటారు. బీరువా తాళం ఎవరి దగ్గర ఉన్నదన్న బాధ మాత్రం నిజమైనదే.

ఇక 2023 సంగతి. జూలై 26న, నైజీరియాకు ఉత్తరాన ఉన్న నైజర్ దేశంలో సైనికులు అధ్యక్షుడు బజూమ్ గారిని బంధించి అధికారం తీసుకున్నారు. అప్పుడు ఆర్థిక సమాజానికి అధ్యక్షుడు నైజీరియా అధ్యక్షుడు టినూబు గారే. వారం రోజుల్లో పాత ప్రభుత్వాన్ని నిలబెట్టకపోతే సైన్యాన్ని పంపవలసి వస్తుందని హెచ్చరిక వెళ్లింది. నైజర్‌కు వెళ్లే కరెంటును నైజీరియా ఆపేసింది. అప్పట్లో ఆ దేశానికి కరెంటులో ఎక్కువ భాగం అక్కడి నుంచే వచ్చేది.

ఎన్నికైన ప్రభుత్వాన్ని నిలబెట్టాలనే ఉద్దేశం మంచిదే. కానీ సరిహద్దుకు రెండు వైపులా ఉన్నది ఒకే హౌసా జనం. ఆ గీత బ్రిటిష్, ఫ్రెంచివారు గీసుకున్నది. పెళ్లిళ్లు, సంతలు, పశువుల బేరాలు అటూ ఇటూ సాగుతాయి. ఈ మాట సరిహద్దు జిల్లాల శ్రోతలకు నేను వివరించనక్కరలేదు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసిన తరువాత కూడా మన చుట్టరికాలు గీత దాటుతూనే ఉన్నాయి కదా. కరెంటు పోయి చీకట్లో కూర్చున్న నైజర్ కుటుంబానికి, బయటి చేయి అంటే ప్యారిస్ మాత్రమే కాదు, అబూజా కూడా అయింది. నైజీరియా ఉత్తరాది పెద్దలు యుద్ధం వద్దన్నారు. అక్కడి సెనేటు కూడా బలప్రయోగానికి సుముఖత చూపలేదు. సైన్యం కదలలేదు.

నైజర్, మాలి, బుర్కినా ఫాసో దేశాల సైనిక పాలకులు ఫ్రెంచి సేనలను పంపేశారు, రష్యా సాయం తెచ్చుకున్నారు. ఆ మూడు దేశాలూ 2025 జనవరి 29న ఆర్థిక సమాజం నుంచి అధికారికంగా వైదొలిగాయి. ఒక కోతిని పంపి ఇంకొక కోతిని పిలిచినట్టు అయిందని విమర్శకులు అంటారు. ఓటు లేనిచోట ఆ లెక్క అడిగే దారి సామాన్యుడికి లేదు.

నైజీరియా అనుభవం మనకు ఒక అద్దం. ఢిల్లీ ముందు ఆత్మగౌరవం అన్న మాట వాడిన మనమే, తెలంగాణవారు అదే మాటను మన వైపు తిప్పి అడిగినప్పుడు ఉలిక్కిపడ్డాం. 2014 జూన్ 2న తెలంగాణ వేరు రాష్ట్రమైంది. పెద్దన్నగా ఉన్నవాడికి తన చేయి ఎదుటివాడి ఇంట్లో ఉన్నదని తెలియదు. ఎదుటివాడికే తెలుస్తుంది.

ఈ విషయం మన ఊరి పంచాయతీకి కూడా వర్తిస్తుంది. వార్డు సభ్యుల మధ్య చిన్న తగవు వస్తే, గ్రామసభలో కూర్చుని చేతులెత్తించి తేల్చుకోవచ్చు. అలా కాకుండా ఒకరు ఎమ్మెల్యేగారి ఇంటికి, ఒకరు ఎదుటి పార్టీవారి ఇంటికి పరుగెత్తితే, ఆ తరువాత మన ఊరి రోడ్డు ఎక్కడ వేయాలో కూడా వాళ్లే చెబుతారు. అప్పుడు బయటివారి పెత్తనం అని బాధపడి ప్రయోజనం లేదు. తగవు వచ్చిన రోజున మనవాళ్లందరి ఎదుట లెక్క తేల్చుకోవడం, ఆ లెక్కలో ఓడిపోతే ఒప్పుకోవడం, మనకంటే చిన్నవాడి గడప దగ్గర మన చేయి మనమే వెనక్కి తీసుకోవడం - ఆత్మగౌరవం అన్నది ఈ పనుల్లో ఉంటుంది.